ఆకుపచ్చ ఇంకు సాక్ష్యం: విదేశాంగ శాఖకు, రాష్ట్ర పోలీసు శాఖకు ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ బహిరంగ లేఖ

కేంద్ర విదేశాంగ శాఖలో పాస్‌పోర్టుల వ్యవహారం చూసే పెద్దలకు, తెలంగాణ పోలీసు శాఖలో పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ చూసే అధికారులకు,

నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసి, గెజిటెడ్ హెడ్మాస్టర్‌గా రిటైరైనవాణ్ణి. ఈ ఉత్తరంలో ఫిర్యాదు సగమే. మిగతా సగం నేను చేసిన తప్పు నేనే ఒప్పుకోవడం. రెండూ ఒకే ముడిలో పడి ఉన్నాయి కాబట్టి విడదీసి రాయలేకపోతున్నాను.

పోయిన దసరాకు ముందు సంగతి. తండాకు తిరిగే మలుపు దగ్గర, రోడ్డు పక్కన మా ఇల్లు. రిటైరయ్యాక కట్టుకున్నది, అప్పటికి అందులో దిగి 8 నెలలు. ఎదురుగా ఒక చాయ్ హోటల్ ఉంది. హోటల్ అంటే రేకుల కప్పు, రెండు బెంచీలు, ఒక అవ్వ. పొద్దున పది గంటల వేళ పేపర్ చదువుతుంటే అక్కడి నుంచి ఒక కానిస్టేబుల్ కేకేశాడు.

"సార్, నమస్తే. జర ఒక్క నిమిషం ఇట్ల వస్తరా? పాస్‌పోర్ట్ ఎంక్వయిరీ."

వెళ్లాను. చేతిలో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన తండాకు చెందిన ఒకామె, నలభైకి దగ్గరగా ఉంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలా బిగుసుకుపోయి ఉంది. మస్కట్‌లో ఇంటిపనికి పోవాలని దరఖాస్తు పెట్టుకుందట. చాయ్ అవ్వ స్టవ్ తగ్గించి వచ్చి నిలబడింది. ఆశ వర్కర్ కూడా అక్కడే ఉంది. వాళ్లిద్దరినీ సాక్ష్యానికి తెచ్చుకుంది దరఖాస్తు పెట్టుకున్నామే.

"ఈమె మీకు ఎరుకేనా సార్?"

"ఎరుకే" అన్నాను.

నా పేరు, ఫోన్ నంబరు, ఏ స్కూల్లో రిటైరయ్యానో రాసుకున్నాడు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. అవ్వ గొణుక్కుంది: "నేను దీన్ని చిన్నగున్నప్పటి సంది జూస్తున్న. నన్నెందుకు అడగడు?" కానిస్టేబుల్ మంచివాడే, విసుక్కోలేదు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కానీ రేపు పైన ఎవరన్నా అడిగితే సార్ లాంటోళ్ల పేరుంటే బాగుంటది" అన్నాడు.

ఇంటికి వచ్చి మళ్లీ పేపర్ పట్టుకున్నాను కానీ అక్షరం ఎక్కలేదు. ఆమె నాకు ఎంత ఎరుక? ఆ సీజన్‌లో రెండుసార్లు గంప దించి మా ఇంటి ముందు సీతాఫలాలు అమ్మింది. రెండోసారి బేరం ఆడితే, "సారూ, పండు జూసి మాట్లాడు" అంది. అంతే. ఆమె పేరు కూడా నాకు ఆ రోజు ట్యాబ్‌లో చూస్తేనే తెలిసింది. పక్కనే నిలబడ్డ ఆశ వర్కర్ ఆమెను రెండో కాన్పుకు అర్ధరాత్రి ఆటోలో దేవరకొండ ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషి. ఆ ఇద్దరి మాటను పక్కకు పెట్టి, రెండు గంపల సీతాఫలాల పరిచయం ఉన్న నా మాటను సర్కారు రాసుకుంది.

తప్పు ఆ కానిస్టేబుల్ మీద నెట్టను. పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఇద్దరి పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు అడుగుతారు కదా, మీ ఊళ్లో మీ గురించి చెప్పగలిగేవాళ్లు ఎవరని. వాళ్లు బాధ్యత గల మనుషులై ఉండాలని అందరూ అనుకునేదే. బాధ్యత అంటే ఏమిటో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పకపోతే మన దగ్గర దానికి ఒకటే అర్థం: ఉద్యోగం, పక్కా ఇల్లు, ఇస్త్రీ చొక్కా. ఫారం నింపే నెట్ సెంటర్ పిల్లలు కూడా అదే చెబుతారు, "ఎవరన్నా ఎంప్లాయి నంబర్ ఉంటే పెట్టండి, టెన్షన్ ఉండదు" అని.

అదే నెలలో ఇంకో ఫోన్ వచ్చింది, ఇంగ్లండ్ నుంచి. మా కూతురు, అల్లుడు అక్కడే స్థిరపడి పౌరసత్వం తీసుకున్నారు. మనవరాలికి మొదటి పాస్‌పోర్ట్ కోసం దరఖాస్తు పెట్టారు. అక్కడ పిల్ల ఫోటో చూసి "అవును, ఈ పాప వీళ్ల పాపే" అని బయటి మనిషి ఒకరు ధ్రువీకరించాలి. ఆ మనిషి దరఖాస్తు పెట్టే తల్లినో తండ్రినో కనీసం రెండేళ్లుగా ఎరిగి ఉండాలి. చుట్టం కాకూడదు, అదే ఇంట్లో ఉండకూడదు.

"ఎవరితో చెప్పించారమ్మా?" అని అడిగితే, "మా వీధి చివర పబ్బు నడిపే ఆయనతో, నాన్నా. మీ అల్లుడు ఆదివారాలు అక్కడే కదా క్రికెట్ చూసేది" అంది.

నాకు నోట మాట రాలేదు. పబ్బు నడిపేవాడా! మన దగ్గర కల్లు కాంపౌండ్ నడిపే ఆయన పాస్‌పోర్ట్‌కు సాక్షి అంటే నవ్వరా? నేను నమ్మకపోతే జాబితా పంపింది. ఆ సర్కారు పెట్టిన జాబితా, ఏయే వృత్తుల వాళ్ల మాట చెల్లుతుందో అందులో వరుసగా ఉంది. టీచరు, లాయరు, పోలీసు, బ్యాంకు అధికారి, నర్సు ఉన్నారు, అది సరే. విమానం నడిపే పైలట్ ఉన్నాడు. కళ్లద్దాల డాక్టరు, మందుల షాపు ఫార్మసిస్టు, వృత్తిగా ఫోటోలు తీసే ఫోటోగ్రాఫరు, పోస్టాఫీసు అధికారి, యూనియన్ నాయకుడు ఉన్నారు. అంత్యక్రియలు చేయించే ఆయన కూడా ఉన్నాడు. లైసెన్సుతో పబ్బు నడిపేవాడు సరేసరి. ఇంత పొడుగు జాబితాలో మామూలు డాక్టరుకు మాత్రం ఒక మెలిక పెట్టారు: తన దగ్గరికి వచ్చే పేషెంటుకు డాక్టరు సంతకం చెల్లదు, ఆయన నిజంగా స్నేహితుడై ఉంటే తప్ప.

ఆ మెలిక దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన దగ్గరైతే డాక్టరు సంతకం కంటే పెద్దది ఏముంటుంది? వాళ్ల లెక్క వేరు. డాక్టరు నిన్ను చూసేది పది నిమిషాలు, అది కూడా నీ గొంతో నీ కడుపో. పబ్బు ఆయన వారం వారం నీ మొహం చూస్తాడు, నువ్వు ఎవరితో వస్తావో, ఎప్పుడు మానేశావో ఎరుగుతాడు. అందుకే రెండేళ్ల ఎరుక అన్న షరతును జాబితాలో ఎవరికీ సడలించలేదు. పెద్ద లాయరైనా సరే, నిన్న పరిచయమైతే పనికిరాడు.

వాళ్లది అంతా గొప్పే అనడం లేదు. ధ్రువీకరించే మనిషికి అక్కడి పాస్‌పోర్టో, ఐర్లండ్ పాస్‌పోర్టో ఉండాలి. ఆ షరతు మన తండాకు తెస్తే ఊరంతా కలిపి ఒక్క సాక్షి దొరకడు. పైగా జాబితా అన్నాక అది చదువుకున్నవాళ్ల జాబితానే అవుతుంది. అక్కడ ఆఫీసులు ఊడ్చే మనిషికి, కొత్తగా వలస వచ్చిన కూలీకి లాయరో ఇంజినీరో రెండేళ్లుగా ఎట్లా తెలిసి ఉంటాడు? వృత్తి లేకపోయినా సమాజంలో మంచి పేరున్న మనిషి అయితే చాలు అనే దారి ఒకటి ఉంచారు లెండి. కెనడా వాళ్లు ఇంకా ముందుకు పోయారు. అక్కడ కూడా ఒకప్పుడు ఫలానా వృత్తులవాళ్లే హామీ ఇవ్వాలని జాబితా ఉండేది. 2007 అక్టోబరులో దాన్ని తీసేశారు. పాస్‌పోర్ట్ ఉండి, రెండేళ్లుగా ఎరిగిన పెద్దమనిషి ఎవరైనా హామీ ఉండొచ్చు, ట్రక్కు డ్రైవరైనా సరే.

ఇక నా తప్పు సంగతి.

నా టేబుల్ సొరుగులో ఒక పెన్ను, గెజిటెడ్ సంతకానికి వాడే ఆకుపచ్చ ఇంకు సీసా, వంకాయరంగు స్టాంప్ ప్యాడ్, రెండు రబ్బరు స్టాంపులు, ఒక గుండ్రటి సీల్ ఉండేవి. పది రిజల్ట్స్ వచ్చాయంటే జూన్, జూలై నెలల్లో మా వరండా సంతలా ఉండేది. మా స్కూలు పిల్లలే కాదు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వచ్చేవాళ్లు. మండలంలో గెజిటెడ్ సంతకం పెట్టేవాళ్లు ఎంతమంది? మెడికల్ ఆఫీసరు ఉంటే ఉంటాడు, లేకపోతే లేడు. ఎంపీడీఓ మీటింగుల్లో ఉంటాడు. హెడ్మాస్టర్ ఎక్కడికి పోతాడు?

జిరాక్సు మీద "ట్రూ కాపీ" అని సంతకం చేయడం వేరు. అక్కడ అసలు కాగితం, నకలు కాగితం పక్కపక్కన పెట్టి చూస్తాం. కళ్లుంటే చాలు. ఫోటో మీద సంతకం అట్లా కాదు. సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడేట్టు సంతకం గీకామంటే, ఈ మొహం ఈ పేరు గల మనిషిదేనని నాకు తెలుసు అని చెప్పినట్టు. నేను ఎన్ని మొహాలకు అట్లా చెప్పానో లెక్క లేదు. గుమ్మంలో మొదటిసారి చూసినవాళ్లకు చెప్పాను. ఒక్కోసారి మనిషి కూడా రాకుండా, ఎవరో తెలిసినాయన కట్ట కట్టి పంపిన ఫారాల మీద చెప్పాను. అప్పటికి అది సాయం అనే అనుకున్నాను. బీద పిల్లలు, హైదరాబాద్ బస్సు దొరకాలి, తిప్పడం ఎందుకు అని.

ఒకసారి ఒక పిల్లవాడు ఫారం తెచ్చాడు. సంతకం చేశాను, సీల్ వేశాను, ఇంకు ఆరడానికి ఊదాను కూడా. మా అటెండర్ చాయ్ పెట్టడానికి వచ్చి, కప్పు టేబుల్ మీద పెడుతూ ఓరగా చూశాడు.

"సార్, ఇది వీడి ఫోటో కాదు. వాళ్లన్నది. అన్నకు ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటది, బండి మీద నుంచి పడ్డడు."

దొంగతనం ఏమీ లేదు. ఇంట్లో దొరికిన ఫోటో అతికించుకుని వచ్చాడు వాడు, ఫోటో తీయించడానికి డబ్బుల్లేక. ఇద్దరూ ఒకే పోలిక. నేను ఫారం చింపి, ఇరవై రూపాయలిచ్చి పంపించాను. కానీ నాకు గెజిట్ ఉండి, సీల్ ఉండి ఆ గాటు కనిపించలేదు. అటెండర్‌కు కనిపించింది. ఆయన అదే ఊరివాడు. ప్రతి ఇంట్లో పెళ్లికీ చావుకీ పోయినవాడు. ఆయన సంతకానికి విలువ లేదు, చాయ్ తేవడానికే ఉంది. ఆ తర్వాత ఫోటోల మీద సంతకం పెట్టే ముందు ఆయన్ను పిలిచి చూపించేవాణ్ణి. సంతకం నాది, సాక్ష్యం ఆయనది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పాస్‌పోర్ట్‌లో పడే పుట్టిన తేదీల వెనక నాలాంటివాళ్లు ఉన్నారు. బడిలో చేర్పించడానికి తల్లిదండ్రులు వస్తే, "ఎప్పుడు పుట్టాడమ్మా?" అంటే, "పెద్ద వాన పడ్డ ఏడు సారూ, మా మామ చచ్చిపోయిన నెలల" అనేవాళ్లు. వేళ్ల మీద లెక్కేసి, అయిదేళ్లు నిండేట్టు చూసి, జూన్‌లో ఒక తేదీ వేసేవాళ్లం. నేను చూసిన ఒక అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకే తరగతిలో 11 మంది ఒకే రోజు పుట్టారు. ఆ తేదీ పదో తరగతి మెమోలోకి ఎక్కింది, అక్కడి నుంచి ఆధార్‌లోకి, పాన్‌కార్డులోకి, పాస్‌పోర్ట్‌లోకి. ఇప్పుడు అదే రుజువు. కాన్పు చేసిన మంత్రసాని మాట ఎవరూ అడగలేదు, ఊహించి రాసిన హెడ్మాస్టర్ మాట రికార్డయింది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు జనన ధ్రువీకరణ పత్రమే చూపాలని 2025లో మీరు నియమం తెచ్చారు. మంచిదే. అంతకు ముందు పుట్టినవాళ్లంతా మాత్రం మా వేళ్ల లెక్కల మీదే విమానం ఎక్కాలి.

మీరు చేసిన మంచి పనులు మరిచిపోయి రాయడం లేదు. పాస్‌పోర్ట్ కోసం ఊరోళ్లు తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు పట్టుకునే రోజులు నాకు తెలుసు. ఇప్పుడు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పోస్టాఫీసులోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. 2014లో కేంద్రం గెజిటెడ్ సంతకాల బెడద తగ్గించి, ఎవరి కాగితం మీద వాళ్లే సంతకం పెట్టుకోండి అంది. ఆ వార్త చదివిన రోజు నేను ఇంకు సీసా మూత బిగించి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను. 2016 చివరలో నోటరీ, మేజిస్ట్రేట్ ప్రమాణాలు కూడా తీసేసి తెల్లకాగితం మీద సొంత డిక్లరేషన్ చాలన్నారు.

తత్కాల్ పాస్‌పోర్ట్‌కు ఒకప్పుడు ఇంకో వింత ఉండేది. దరఖాస్తుదారుడు మంచి నడవడిక, మంచి పేరు ఉన్నవాడని, ఫలానా అడ్రసులో ఏడాదిగా ఉంటున్నాడని ఒక పెద్ద అధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి. కలెక్టరో, ఎస్పీనో, ఢిల్లీలో అండర్ సెక్రటరీ, ఆ పైస్థాయి వాళ్లో. చందంపేట అడవి పక్కన ఉండే మనిషి ఏడాదిగా ఎక్కడ పడుకుంటున్నాడో సెక్రటేరియట్‌లో కూర్చున్న ఆయనకు ఎట్లా తెలుస్తుంది? తెలియదు. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు చెబితే సంతకం పడేది. పలుకుబడి ఉన్నవాడికి మూడు రోజుల్లో పాస్‌పోర్ట్, లేనివాడికి మామూలు క్యూ. 2018 జనవరిలో మీరే దాన్ని ఎత్తేశారు. కానీ ఆ సర్టిఫికెట్ పోయినా, దాని వెనక ఉన్న ఆలోచన చాయ్ హోటల్ దాకా దిగి వచ్చి కూర్చుంది. నన్ను పిలిచింది ఆ ఆలోచనే.

మన ప్రాంతానికి ఈ సంతకాల కథ కొత్త కాదు. నిజాం కాలంలో ముల్కీ, అంటే స్థానికుడు, అని చెప్పే సర్టిఫికెట్ ఉండేది. ఈ గడ్డ మీద 15 ఏళ్లు ఉన్నవాడికే సర్కారు నౌకరీ అన్నారు. ఉన్నాడని ఎవరు చెప్పాలి? హోదా ఉన్నవాళ్లు. ఊరు మొహం చూడనివాళ్లకు కూడా ఆ కాగితం పుట్టింది. 1952లో పిల్లలు "నాన్ ముల్కీ గో బ్యాక్" అని రోడ్డెక్కడానికి దొంగ ముల్కీ సర్టిఫికెట్లు ఒక పెద్ద కారణం. హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది అది. ఇది ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, నా మాట వినగానే మీరు అనేది ఇదే: "చాయ్ అవ్వ సాక్ష్యం తీసుకుంటే దొంగ సాక్ష్యాలు పెరగవా?" దొంగ ముల్కీలు చాయ్ అవ్వలు ఇవ్వలేదు కదా. కుర్చీలో కూర్చున్నవాడికి సంతకం పెట్టాక ఆ మనిషితో మళ్లీ పని ఉండదు. అవ్వకు ఉంటుంది. రేపు ఏదైనా తేడా వస్తే ఊరంతా వచ్చి ఆమె బెంచీ మీదే కూర్చుని అడుగుతుంది. డబ్బులకు అబద్ధం చెప్పే అవ్వలు ఉండరని నేను అనను. అట్లాంటి హెడ్మాస్టర్లు కూడా ఉన్నారు మరి.

మామూలు రోజుల్లో అయితే సర్పంచ్ చెప్పేవాడు. ఆధార్ అడ్రసు మార్పుకు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఎంపీ, ఎమ్మెల్యే, గెజిటెడ్ అధికారి, తహసీల్దార్‌తో పాటు సర్పంచ్ సంతకం కూడా చెల్లుతుంది. ఊళ్లోవాళ్లకు అందే సంతకం అది. కానీ 2024 ఫిబ్రవరి మొదట్లో మన పంచాయతీల గడువు తీరింది. 2025 డిసెంబరులో ఎన్నికలయ్యే దాకా ఊళ్లకు సర్పంచే లేడు, ప్రత్యేకాధికారులే. పటేల్ పట్వారీలు ఎనభైల్లోనే పోయారు. వీఆర్వోలను 2020లో తీసేశారు. మంచికో చెడ్డకో ఊరి మనుషుల లెక్క చెప్పే సర్కారు మనిషి ఒక్కొక్కరుగా మాయమయ్యారు. తండాలు 2018లో పంచాయతీలయ్యాయని పండగ చేసుకున్నాం. చాలా ఇళ్లకు నంబరు ఇంకా సరిగా లేదు. "చింతచెట్టు దాటినంక మూడో ఇల్లు" అన్నదే అడ్రసు. ఆ చింతచెట్టు మీ కంప్యూటర్‌లో లేదు, ఆశ వర్కర్ తలలో ఉంది.

ఇక వలస. పాలమూరు, దేవరకొండ జనం బొంబాయి పోవడం తాతల నాటి సంగతి. అక్కడి కామాటిపురకు ఆ పేరు వచ్చింది ఇక్కడి నుంచి పోయిన కామాటీ కూలీల వల్లే. ఏడాదిలో ఆరేడు నెలలు పుణెలోనో బొంబాయిలోనో బిల్డింగు పనిలో ఉండే మనిషి గురించి, "ఈ అడ్రసులో ఏడాదిగా ఉంటున్నాడా?" అని అడిగితే నిజం చెప్పినవాడు ఇరుక్కుంటాడు. అక్కడ అతన్ని ఎరిగింది గుంపు మేస్త్రీ. ఇక్కడ ఎరిగింది ముసలి తల్లి, ఇద్దరు పొరుగువాళ్లు. సిమెంటు పని చేసిన వేళ్లకు మిషన్ మీద ముద్ర కూడా సరిగా పడదు. రేషన్ షాపు దగ్గర వేలు తుడిచి తుడిచి పెట్టించడం చూడనివాళ్లు ఉండరు. మిషన్ గుర్తు పట్టని మనిషిని ఇంకో మనిషే గుర్తు పట్టాలి. ఆ రెండో మనిషికి ఉద్యోగం ఉండాలంటే ఎట్లా?

ఆ సీతాఫలాల ఆమె పది పాస్ కాలేదు. కాబట్టి పాస్‌పోర్ట్ చేతికి వచ్చినా మస్కట్ ఉద్యోగానికి ఎమిగ్రేషన్ అనుమతి ఇంకోటి తెచ్చుకోవాలి. 1983 నాటి చట్టం ప్రకారం అట్లాంటి దేశాలు 18. అది ఆమె మంచికే, మోసపోకుండా. ఒప్పుకుంటాను. అన్ని గేట్లు దాటాల్సిన మనిషికి మొదటి గేటు దగ్గర "నీకు పెద్దమనుషులు ఎవరన్నా తెలుసా?" అన్న గేటు అదనంగా పెట్టకండి అంటున్నాను. పాస్‌పోర్ట్ సర్కారు దయ కాదని, విదేశం పోవడం మనిషి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆ తీర్పు తర్వాతే పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ మాటనే ఇంకా గట్టిగా చెప్పింది.

విదేశాంగ శాఖ వారిని నేను అడిగేది పెద్దది కాదు. దరఖాస్తులో ఆ ఇద్దరి పేర్లు అడిగే గడి పక్కన, తెలుగులో కూడా, ఒక్క వాక్యం రాయండి: మిమ్మల్ని రెండేళ్లుగా ఎరిగిన, మీకు చుట్టం కాని పెద్దవాళ్లు ఎవరైనా సరే, వాళ్లకు ఉద్యోగం ఉండనవసరం లేదు అని. దాని కింద "ఎన్నేళ్లుగా ఎరుక? ఎట్లా ఎరుక?" అని రెండు చిన్న గడులు పెట్టండి. ఆ గడులు ఉండి ఉంటే ఆ రోజు నేను ఏం రాసేవాణ్ణి? "8 నెలలు. సీతాఫలాలు." నా సాక్ష్యం అక్కడే పక్కకు పోయేది.

పోలీసు శాఖ వారూ, మీ ట్యాబ్ పద్ధతి వల్ల స్టేషన్ చుట్టూ తిరిగే బాధ తగ్గిందని ఊళ్లో అందరూ అంటారు. ఆ ఎంక్వయిరీకి వచ్చే మీ పిల్లలకు ఒక మాట రాతలో చెప్పండి. ఆశ వర్కర్, అంగన్‌వాడీ టీచర్, ఊరి బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్, రేషన్ డీలర్, పక్కింటివాళ్లు చెప్పిన మాట రాసుకుంటే చాలని, రేపు పైన అడిగితే మీరు అండగా ఉంటామని. వాళ్లు నాలాంటివాళ్లను వెతికేది మా మీద గౌరవంతో కాదు, మీ మీద భయంతో. నోటి మాట అయితే వాళ్లు నమ్మరు. నేనూ నౌకరీ చేశాను, కాగితం లేని ఆర్డర్‌ను నేనూ నమ్మలేదు.

నాతోటి రిటైర్డ్ గెజిటెడ్ మిత్రులు ఇది చదివితే కోపం తెచ్చుకోవద్దు. మనల్ని ఎవరూ అవమానించడం లేదు. ఎవరన్నా వచ్చి అడిగితే, ఎరుక లేకపోతే లేదని చెప్పండి. నాకు ఆ ఒక్క మాట 30 ఏళ్లలో నోరు తిరగలేదు.

ఆమె పాస్‌పోర్ట్ దీపావళికి ముందే వచ్చింది. స్పీడ్ పోస్టు కవరు మీద ఇంటి నంబరు దగ్గర ఒక గీత మాత్రమే ఉందట. పోస్టు ఆయన మా గేటు ముందు నుంచే సైకిల్ మోటార్ మీద పోయాడు, నన్ను ఏమీ అడగలేదు. చింతచెట్టు దాటి, ఇంటికి తాళం చూసి, ఈ వేళకు ఆమె ఎక్కడ పత్తి ఏరుతుందో తెలిసి, చేను గట్టు మీదికి పోయి ఆమె చేతికే ఇచ్చి సంతకం తీసుకున్నాడు.

ఇట్లు,
రిటైర్డ్ గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడు,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా